మబ్బు దిగిన గడ్డి కొండ మీద

ఇంగ్లండులోని ప్రెస్టన్ నుంచి స్కాట్లండ్ వైపు ఎం6 హైవే మీద పోయిన ప్రతిసారీ, 37వ జంక్షన్ దగ్గర పడగానే నా చూపు కుడిపక్కకు తిరిగేది. అక్కడ చెట్టూ లేదు, బండా లేదు. ఒకదాని వెనక ఒకటి నున్నటి గడ్డి కొండలు. పడుకున్న ఏనుగుల మంద అంటారు వాటిని ఇక్కడ. నిజమే, ఆ గుండ్రటి వీపులు, వీపుల మధ్య ఆ ముడతలు అచ్చం అలాగే ఉంటాయి. హౌగిల్ ఫెల్స్ అని పేరు. ఫెల్ అంటే కొండ, గిల్ అంటే వంక. వెయ్యేళ్ళ కిందట సముద్రం దాటి వచ్చి ఈ వైపు స్థిరపడ్డ నార్స్ వాళ్ళ మాటలు ఇవి. ఇక్కడి పల్లెల్లో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

నేను పుట్టింది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో. మా గుట్టలన్నీ బండల గుట్టలు. బండల సందుల్లో సీతాఫలం చెట్లు, కలే పొదలు, వానలు పడితే రెండు మూడు నెలలు పచ్చగా కనబడే బోద గడ్డి. మా జేజినాయనకు, అంటే మా అమ్మ వాళ్ళ నాయనకు, నూరు గొర్రెల మంద ఉండేది. ఎండలు ముదిరితే మేత వెతుక్కుంటూ మందను తోలుకొని ఊళ్ళు దాటి పోయేవాడు. తొలకరికి గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఎం6 మీద పోతూ అంత గడ్డిని, దాని మీద తెల్ల చుక్కల్లాంటి గొర్రెలను చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవాడు. గడ్డి కోసం ఎంత దూరం నడిచాడో ఆయన!

పదకొండేళ్ళు ఆ కొండల పక్క నుంచి కారులో పోతూనే ఉన్నాను. ఎక్కింది మాత్రం పోయిన అక్టోబరులో.

నా పని ఒక ఆసుపత్రి ల్యాబులో. రోజంతా మెషీన్ల హోరు, ఫ్రిజ్‌ల హోరు, ఆగని ఫోన్లు. సెలవు దొరికితే కొండలకు పోవడం నాలుగేళ్ళుగా అలవాటైంది. అందరిలాగే నేనూ లేక్ డిస్ట్రిక్ట్‌కే పోయేదాన్ని. అక్కడ క్యాట్‌బెల్స్ లాంటి కొండను ఆదివారం పూట ఎక్కితే ముందు నడిచేవాళ్ళ మడమలు చూసుకుంటూ పోవాలి. దారి తప్పుతామన్న భయం ఉండదు, మనుషులే దారి చూపిస్తారు. హౌగిల్స్ ఆ పక్కనే ఉన్నా జనం అటు తక్కువగా పోతారు. సరస్సులు లేవు, నిటారు రాతి శిఖరాలు లేవు. ఉన్నదల్లా గడ్డి, గాలి, నిశ్శబ్దం. నాకు కావలసింది అదే. కాకపోతే, దానికోసం ముందు కొంత పని నేర్చుకోక తప్పదని మ్యాపు కొన్న రోజే అర్థమైంది.

ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఓఎల్19 మ్యాపు అది. నేల మీద ఒక కిలోమీటరు కాగితం మీద నాలుగు సెంటీమీటర్లు. వంటింటి టేబుల్ మీద పరిస్తే టేబుల్ చాల్లేదు. పల్లపు ప్రాంతాల్లో ప్రతి పొలానికీ గోడ ఉంటుంది, ఆ గోడలన్నీ మ్యాపులో సన్నటి నల్లగీతలు. ఆ గీతలు కొండ పాదం దాకా వచ్చి ఒక్కసారిగా ఆగిపోతాయి. అక్కడి నుంచి పైకి ఎత్తును చూపించే గోధుమరంగు గీతలు తప్ప ఇంకేమీ లేదు. హౌగిల్స్ ఉమ్మడి బీళ్ళు. పైన కంచెలు, గోడలు దాదాపు లేవనే చెప్పాలి. 2000 సంవత్సరంలో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి కొండ బీళ్ళ మీద ఎవరైనా దారి వదిలి కూడా నడవొచ్చు. వినడానికి ఎంతో హాయిగా ఉంది. కానీ గోడ పక్కనే పోదాం, ఫలానా చెట్టు దగ్గర తిరుగుదాం అనుకోవడానికి అక్కడ ఏదీ లేదు. మబ్బు దిగితే పట్టుకోవడానికి ఏముంటుంది అన్న టెన్షన్ అప్పుడే మొదలైంది.

అందుకని దిక్సూచి నేర్చుకున్నాను. మూడు వారాలు, సాయంత్రం పూట, మా ఇంటి దగ్గరి పార్కులో. మనం ఉన్న చోటి నుంచి పోవలసిన చోటికి మ్యాపు మీద దిక్సూచి అంచు ఆనించాలి. మధ్యలో ఉన్న చక్రాన్ని, దాని అడుగునున్న గీతలు మ్యాపులోని నిలువు గీతలతో కలిసేదాకా తిప్పాలి. తర్వాత దిక్సూచిని మ్యాపు మీది నుంచి తీసి, రొమ్ముకు ఆనించి పట్టుకొని, ఎర్ర ముల్లు ఎర్ర బాణం బొమ్మలో కూర్చునేదాకా మనిషి మొత్తంగా తిరగాలి. చెయ్యి ఒక్కటీ తిప్పితే కుదరదు. అప్పుడు ఎదురుగా ఏ దిక్కు ఉంటే అదే మన దారి. మ్యాపు ఉత్తరానికీ అయస్కాంతపు ఉత్తరానికీ ఉండే తేడా ఇంగ్లండులో ఈ మధ్య చాలా తక్కువ కాబట్టి ఆ లెక్క పెట్టుకోలేదు.

అడుగులు లెక్కపెట్టడం కూడా నేర్చుకున్నాను. రెండు అడుగులను ఒకటిగా లెక్క వేసుకుంటే, వంద మీటర్లకు నాకు 68 పడతాయి. పార్కులో టేపు పెట్టి కొలుచుకొని, పదిసార్లు నడిచి చూసుకున్న లెక్క ఇది. మా ఆయన బెంచీ మీద కూర్చొని ఓపికగా చూసేవాడు.

టైము లెక్క వేరే. నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ అందరూ వాడతారు: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. కొండల పాదాన ఉన్న సెడ్‌బర్ ఊళ్ళోంచి నేను ఎక్కాలనుకున్న ది కాఫ్ శిఖరానికి ఏడున్నర కిలోమీటర్లు ఉంటుంది. ఎక్కుడు 600 పైచిలుకు. అంటే రెండున్నర గంటల పైన. నా నడకకు నాలుగు గంటలు వేసుకున్నాను. దిగడానికి మూడు. అక్టోబరు రెండో వారంలో ఆరు దాటాక పొద్దు కుంకుతుంది. ఎనిమిదిన్నరకు బయల్దేరితే సరిపోతుంది.

దారి, శిఖరాల పేర్లు, తిరిగొచ్చే టైము ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఆరున్నరకు నా ఫోన్ రాకపోతే మా ఆయన అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసి, పోలీసులను అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. కొండల్లో మనుషులను వెతికి దించే ఆ జట్లలో ఉండేవాళ్ళందరూ జీతం లేకుండా పనిచేసే మామూలు మనుషులు. ఈల కూడా సంచికి కట్టుకున్నాను. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్ళీ ఆరుసార్లు ఊదాలి.

శనివారం పొద్దున సెడ్‌బర్ చేరేసరికి ఊరు ఇంకా లేవలేదు. రాతి ఇళ్ళు, సన్నటి మెయిన్ స్ట్రీట్, పాత పుస్తకాల అంగళ్ళు. ఊరి నడిబొడ్డు నుంచి జాస్ లేన్ అనే సందులో పైకి పోతే పది నిమిషాల్లో పొలాలు అయిపోతాయి. రాళ్ళు పేర్చి కట్టిన గోడ, దానికో గేటు. అదే ఆఖరి గోడ. గేటు వేసి, గొళ్ళెం పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. పశువులున్న చోట ఆ భయం చిన్నప్పటి నుంచీ ఉంది నాకు.

గేటు దాటాక సెటిల్‌బెక్ వంక పక్కనే దారి. నిటారుగానే ఉంది, ఊపిరి అందడానికి ఆగి ఆగి ఎక్కాను. నేల చదునుగా, పచ్చగా కనబడిన ఒక చోట అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడింది. చుట్టూ చూస్తే ముదురాకుపచ్చగా తుంగ. తుంగ ఉన్న చోట నీళ్ళుంటాయని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. చెరువు కట్ట కింద తుంగ చూసే నీటి జాడ చెప్పేవాళ్ళు మా వాళ్ళు. అంత దూరం వచ్చి అది మరిచిపోయాను. అక్కడి నుంచి తుంగ కనబడితే చుట్టు తిరిగి, ఎండిన పసుపుపచ్చ గడ్డి మీదే నడిచాను. మోకాలి కింద దాకా ఉండే ఆ గడ్డి అక్టోబరుకే గోధుమ కోత రంగుకు తిరిగింది. చలికాలానికి తెల్లబడిపోతుందట.

ఒక గంట ఎక్కి, చెమట ఆరడానికి కూర్చున్నప్పుడు మొదటిసారి ఆ నిశ్శబ్దం వినబడింది. వినబడింది అనే రాయాలి. మొదట నా గుండె చప్పుడు, ఆ తర్వాత జాకెట్ గరగర. అవి రెండూ సద్దుమణిగాక గడ్డిలోంచి గాలి పోయే చప్పుడు. అది కూడా ఒక్కసారిగా వచ్చేది కాదు. ఎక్కడో కింద మొదలై, గడ్డిని వంచుకుంటూ, రంగు మారుస్తూ, నా దాకా వచ్చి, చెవులు దాటి పైకి పోయేది. మధ్యలో ఒక గొర్రె దగ్గింది. అచ్చం ముసలాయన దగ్గినట్టు. నేను ఉలిక్కిపడి వెనక్కి చూశాను.

ఇక్కడివి రఫ్ ఫెల్ అనే జాతి గొర్రెలు. నల్ల మొహం, ముట్టె మీద తెల్ల మచ్చ, వంకీ తిరిగిన కొమ్ములు, నేలకు రాసుకునేంత పొడుగు ఉన్ని. వీపు మీద ఒక్కో మందకు ఒక్కో రంగు గుర్తు, చెవికి కోత. మా జేజినాయన కూడా గొర్రె పిల్లలకు చెవి కోసి గుర్తు పెట్టేవాడు. ఆ గొర్రె నన్ను అలాగే చూస్తూ నిలబడింది. దాని ఎడమ చెవి కొస చతురస్రంగా తెగి ఉంది. ఆ కోత చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు.

దారిలో వచ్చే ఆరంట్ హా శిఖరం ఎత్తు 605 మీటర్లు. అది దాటాక కొండ వీపు సన్నబడి ఒక కనుమలాగా దిగుతుంది. రెండు పక్కలా లోయలు. అక్కడ ఒక కంచె ఉంది, ఆ దారంతటికీ చేత్తో పట్టుకోగల వస్తువు అదొక్కటే. కంచె పక్కనే నిటారుగా ఎక్కితే కాల్డర్స్, 674 మీటర్లు. పైన చిన్న రాళ్ళ కుప్ప. దూరంగా ఎవరివో గుర్రాలు, జూలు గాలికి ఎగురుతూ మేస్తున్నాయి. ఆ పక్క కొండలన్నీ ఎండలో ఉన్నాయి. నేను నిలబడి చూస్తుండగానే పడమటి పక్క కొండలు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. ఎవరో తెల్ల దుప్పటి లాగుతున్నట్టు మబ్బు మెల్లగా కొండ వీపుల మీదికి వచ్చింది. ఇక్కడివాళ్ళు క్లాగ్ అంటారు దాన్ని.

అప్పుడే వెనక్కి తిరిగి ఉంటే బాగుండేది. ది కాఫ్ అక్కడికి కిలోమీటరు దూరం. దారి స్పష్టంగా ఉంది. పోయి వచ్చేద్దాం అనుకున్నాను. మబ్బులో ఇరవై ముప్పై అడుగులకు మించి కనబడడం లేదు. ఎడమ చెంపకు గాలి కొడుతుంటే ఎడమ చెవి మొద్దుబారింది. పన్నెండున్నర దాటాక ఉన్నట్టుండి ఎదురుగా నాలుగడుగుల సిమెంటు దిమ్మె ప్రత్యక్షమైంది. 1936 నుంచి దేశమంతా కొలవడానికి శిఖరాల మీద కట్టిన దిమ్మెల్లో అదొకటి. కాఫ్ అంటే దూడ. 676 మీటర్ల ఎత్తున, హౌగిల్స్ అన్నిటికన్నా ఎత్తున, దూడ వీపు మీద నేనొక్కదాన్ని.

గాలి తగలకుండా దిమ్మెకు వీపు ఆనించి కూర్చొని చిత్రాన్నం తిన్నాను. చల్లబడిపోయింది, అయినా ఆ చలిలో, ఆ ఆకలిలో దాని పులుపు నాలుకకు తగిలితే ప్రాణం లేచొచ్చింది. ఫ్లాస్కులో టీ తాగి, దిమ్మె చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకొని, సంచి తగిలించుకొని, కళ్ళ ముందు కనబడిన దారి పట్టుకున్నాను. మంచి దారి. గుర్రాలు నడిచినంత వెడల్పు, మెత్తటి గడ్డి. దిక్సూచి మెళ్ళోనే వేలాడుతోంది. చూడలేదు. వచ్చిన దారే కదా అన్న ధీమా.

పన్నెండు నిమిషాలు నడిచాను. ఆ లెక్క ఎలా తెలుసంటే, కళ్ళద్దాలు తుడుచుకోవడానికి ఆగినప్పుడు వాచీ చూశాను. అద్దాలు తుడవడం అప్పటికి నాలుగోసారి. తుడుస్తూ ఆలోచించాను: ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా తుడవలేదే? ఎక్కేటప్పుడు గాలి ఎడమ చెంపకు కొట్టింది. తిరిగి పోతున్నాను కాబట్టి కుడి చెంపకు కొట్టాలి. ఇప్పుడు తిన్నగా మొహానికి కొడుతోంది.

దిక్సూచి ఎత్తి చూశాను. నేను పోవలసింది దక్షిణం. పోతున్నది పడమర.

తర్వాతి రెండు నిమిషాలు నా జన్మలో మరిచిపోను. నాకు తట్టిన మొదటి ఆలోచన నేను తప్పు పోయానని కాదు, దిక్సూచి చెడిపోయిందని. జాకెట్ జేబులో ఫోను ఉంది, ఫోను దగ్గరగా ఉంటే ముల్లు పక్కకు పోతుందని చదివాను. వెంటనే ఫోను తీసి సంచిలో వేసి, సంచి దించి, పది అడుగులు దూరం పోయి చూశాను. పడమరే. ఒళ్ళంతా చెబుతోంది అది దక్షిణమని. కాళ్ళు చెబుతున్నాయి, కళ్ళు చెబుతున్నాయి, ఇంటికి పోవాలన్న ఆరాటం చెబుతోంది. అరచేతిలో ఒక చిన్న ఎర్ర ముల్లు మాత్రం కాదంటోంది. నాలుగు పక్కలా ఒకటే తెలుపు, ఒకటే గడ్డి. అడగడానికి ఒక బండ లేదు, చెట్టు లేదు. మా గుట్టల్లో అయితే ఏ బండ ఏ వైపు వాలి ఉంటుందో చూసి ఇంటి దారి చెప్పగలను. గడ్డి అన్ని వైపులా ఒకేలా ఉంటుంది.

నన్ను ఒప్పించింది ముల్లు కాదు, మ్యాపు. వణుకుతున్న చేతులతో విప్పి, ఎత్తులు చూశాను. ది కాఫ్ 676. దక్షిణాన దాని తర్వాతిది బ్రామ్ రిగ్ టాప్, 672. అంటే నేను సరైన దారిలో ఉంటే కొద్దిగా దిగి, మళ్ళీ కొద్దిగా ఎక్కాలి. పన్నెండు నిమిషాలుగా నేను దిగుతూనే ఉన్నాను. ఒక్క అడుగు కూడా ఎక్కలేదు. ది కాఫ్ నుంచి పడమరగా హౌగిల్ ఊరి వైపు దిగే గుర్రపు దారి ఒకటి మ్యాపులో ఉంది. నేను దాని మీద ఉన్నాను.

ఆ దారి పట్టి దిగిపోయినా ప్రాణానికి ముప్పు లేదు, కొండకు అవతల ఏదో రోడ్డుకు చేరేదాన్ని. కానీ అదే పొరపాటు తూర్పు వైపు చేసి ఉంటే? అటు కాట్లీ చరియ. గడ్డి కొండ అక్కడ ఉన్నట్టుండి తెగిపోతుంది. పక్కనే కాట్లీ స్పౌట్ జలపాతం, అన్ని అంచెలూ కలిపి దాదాపు 200 మీటర్లు దూకుతుంది. మబ్బులో అటు ఒక్క వంద అడుగులు ఎక్కువ వేసినా... ఆ ఆలోచన వచ్చి కాసేపు గడ్డిలో కూర్చుండిపోయాను.

లేచి, వచ్చిన దారినే పైకి ఎక్కాను. ఈసారి దిక్సూచి చేతిలోనే ఉంది. దిమ్మె మళ్ళీ కనబడేదాకా ఇంకో దారిలో ఎక్కుతున్నానేమో అన్న అనుమానం పోలేదు. కనబడగానే రెండు చేతులతో పట్టుకున్నాను. తడి సిమెంటు చల్లగా, గరుకుగా ఉంది. దాన్ని ఆనుకొని నిలబడి, మ్యాపు దిమ్మె మీద పరిచి, బ్రామ్ రిగ్ టాప్‌కు దిక్కు చూసుకున్నాను. దక్షిణానికి కాస్త తూర్పుగా. దూరం 600 మీటర్లు. అంటే నా లెక్కలో 68 చొప్పున ఆరుసార్లు.

జాకెట్ కుడి జేబులో వేయించిన శెనక్కాయలు ఉన్నాయి. ఆరు లెక్కపెట్టి చేతిలో పట్టుకున్నాను. ప్రతి వంద మీటర్లకు ఒకటి ఎడమ జేబులో వేస్తే లెక్క తప్పదు. మా జేజినాయన మందను లెక్కపెట్టేటప్పుడు ఇరవై గొర్రెలకు ఒక గులకరాయి పంచె మడతలో వేసుకునేవాడు. ఒకటి అనేవాడు కాదు. ధాన్యం కొలిచేవాళ్ళలాగే "లాభం" అని మొదలుపెట్టేవాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. లాభం, రెండు, మూడు. పైకే, గట్టిగా. మబ్బులో నా గొంతు నాకే దగ్గరగా, గదిలో మాట్లాడినట్టు వినబడింది. ముల్లు వంక చూడడం, ఆ దిక్కులో కనబడే ఆఖరి గడ్డి దుబ్బును గుర్తు పెట్టుకోవడం, దాని దాకా నడవడం, మళ్ళీ ముల్లు చూడడం. ఐదో శెనక్కాయ వేశాక నేల మెల్లగా ఎక్కుడు తిరిగింది. కుడి చెవి చల్లబడింది. ఆ చలి నాకు ఎంత ఆనందం ఇచ్చిందో చెప్పలేను.

కాల్డర్స్ రాళ్ళ కుప్ప దాకా అలాగే లెక్కపెడుతూ పోయాను. అక్కడ దారి నైరుతికి తిరగాలి. తిన్నగా పోతే మళ్ళీ తప్పే. తిరిగాను. చెయ్యి చాపితే కంచె తీగ తగిలింది. నీటి బొట్లు వరసగా వేలాడుతున్న తీగ. చేతి తొడుగు తీసి, ఒట్టి చేత్తో పట్టుకొని కనుమలోకి దిగాను. ఆరంట్ హా దగ్గర మబ్బు అడుగు దాటింది. కింద సెడ్‌బర్, పొలాల గోడలు, ఒక చర్చి, అంతా సాయంత్రపు ఎండలో ఉంది.

ఆఖరి గేటు దగ్గర ఒక రైతు నాలుగు చక్రాల బండి ఆపుకొని ఉన్నాడు. వెనక రెండు కుక్కలు. అరవై దాటిన మనిషి. పైన బాగా మబ్బు పట్టింది కదా, ఎక్కడిదాకా పోయావమ్మా అన్నట్టుగా అడిగాడు. దారి తప్పిన సంగతి చెప్పాను. నవ్వలేదు. ఎటు తప్పావు, ఎక్కడ తెలిసింది అని వివరంగా అడిగి, వెనక్కి ఎక్కి మంచి పని చేశావన్నాడు. మా తాత గొర్రెల కాపరి అని చెప్పాక ఇక బండి ఇంజను ఆపేశాడు.

గోడలూ కంచెలూ లేని కొండ మీద ఎవరి గొర్రెలు వాళ్ళ చోటే ఎలా ఉంటాయని అడిగాను. దాన్ని హెఫ్ట్ అంటారట. తల్లి గొర్రె తను పెరిగిన కొండ పక్కనే మేస్తుంది. పిల్ల దాని వెంట తిరుగుతూ ఏ వంక దాకా మనది, ఏ గాలికి ఎక్కడ పడుకోవాలి అన్నది నేర్చుకుంటుంది. ఆ పిల్ల తల్లై తన పిల్లకు నేర్పుతుంది. రైతు మారినా, పొలం అమ్ముడుపోయినా మంద మాత్రం కొండతోనే ఉండిపోతుంది. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు కంబ్రియా ప్రాంతంలో మందలకు మందలను చంపేశారు. కొత్త గొర్రెలను కొనుక్కు రావొచ్చు, కానీ వాటికి కొండ తెలియదు. పొద్దుగూకులూ వెంట ఉండి, సరిహద్దు దాటితే మళ్ళించి, ఏళ్ళ తరబడి నేర్పాల్సి వచ్చిందని చెబుతూ ఆయన కొండ వైపే చూశాడు.

పాతకాలం వాళ్ళు గొర్రెలను ఎలా లెక్కపెట్టేవాళ్ళో కూడా చెప్పాడు. యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్. అలా ఇరవై దాకా, తర్వాత ఒక గుర్తు, మళ్ళీ యాన్. మా జేజినాయన ఇరవైకి ఒక రాయి వేసేవాడని, ఒకటికి బదులు లాభం అనేవాడని చెప్పాను. "లాభం," అని రెండుసార్లు పలికి చూశాడు. నాకు ఎందుకో కళ్ళు తడిశాయి.

రాత్రి ఇంటికి వచ్చి అమ్మకు వీడియో కాల్ చేశాను. దారి తప్పిన సంగతి దాచాలనుకున్నాను, దాగలేదు. "ఒక్కదానివే పోయినావా తల్లీ?" అని చాలాసేపు తిట్టింది. తర్వాత గొర్రెల ఫొటోలు చూపిస్తే మొహం మారిపోయింది. "వాటెంబడి మనిషి లేడా?"

"లేడమ్మా. వాటంతట అవే ఉంటాయి."

"రాత్రికి మంద కాడ ఎవరు పండుకుంటారు మరి?"

"ఎవరూ పండుకోరు. ఇక్కడ తోడేళ్ళు లేవు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మా నాయన చలికాలమంతా గొంగడి కప్పుకొని మంద కాడే పండుకునె," అంది. "ఆ పచ్చిక ఇంకోతూరి చూపీ."

ఈ ఏప్రిల్ ఆఖరులో, తెరపి ఉన్న ఒక రోజు మళ్ళీ పోయాను. ఆకాశంలో కంటికి కనబడనంత ఎత్తున స్కైలార్క్ పిట్టలు ఆపకుండా కూస్తున్నాయి. ది కాఫ్ మీద నుంచి ఒక పక్క లేక్ డిస్ట్రిక్ట్ కొండలు, ఇంకో పక్క ఇంగిల్‌బరో కొండ, దూరంగా మోర్కాంబ్ బే నీళ్ళ మెరుపు. దిమ్మె దగ్గర ఆగకుండా పడమటి దారి పట్టుకున్నాను. అక్టోబరులో నేను ఎక్కడ ఆగానో చూడాలని. వాచీ చూసుకుంటూ పన్నెండు నిమిషాలు దిగాను.

అక్కడ ఏమీ లేదు. వాలు, గడ్డి, ముందుకు సాగిపోయే ఆ దారి, చాలా కింద బొమ్మల్లాగా ఎం6 మీద లారీలు. ఎండలో చూస్తే చిన్నపిల్లలు కూడా అది వేరే దారి అని చెబుతారు. సంచి దించి, దారి పక్కన గడ్డిలో కూర్చొని, శెనక్కాయలు ఒలుచుకుంటూ చూస్తూ ఉండిపోయాను. దారికి అవతల ఒక తల్లి గొర్రె, రెండు మూడు వారాల పిల్ల. మేస్తూ మేస్తూ చిన్న ఊట దాకా వచ్చి తల్లి ఆగింది. పిల్ల ఊట దాటి నా వైపు నాలుగడుగులు గంతులేసింది. తల్లి తల ఎత్తి ఒక్కసారి అరిచింది, అంతే. పిల్ల గిర్రున తిరిగి వెనక్కి పోయి పొదుగులో తల దూర్చింది. కాసేపటికి రెండూ ఊట పక్కనే పైకి ఎక్కడం మొదలుపెట్టాయి.